ఆ ఆట పేరేంటి సార్?

అనంతపురంలో ఏళ్ల తరబడి కంప్యూటర్ సెంటర్ నడిపాను. మొదట్లో డీబేస్, వర్డ్‌స్టార్, లోటస్, తర్వాత సీ లాంగ్వేజ్, టాలీ, చివరికి ఇంటర్నెట్. అప్పుడు నా దగ్గర నేర్చుకున్నవాళ్లు, అక్కల వెంట ఊరికే వచ్చి కూర్చున్న చిన్నపిల్లలు, అందరూ ఇప్పుడు నడివయసుకు వచ్చారు. బెంగళూరు నుంచో డల్లాస్ నుంచో ఫోన్ చేస్తారు. మంచీచెడ్డా మాట్లాడుకున్నాక అసలు సంగతికి వస్తారు. "సార్, మన సెంటర్లో ఒక ఆట ఉండేది. ఒకడు ఎగురుతా ఉంటాడు, కింద మంట ఉంటాది. పేరు గుర్తుకు రావడం లేదు."

ఆ పేరు వెతికి పెట్టడం ఇప్పుడు నాకు ఇష్టమైన పని. తమ చిన్నతనంలో ఫలానా మధ్యాహ్నం నిజంగానే గడిచిందని ఎవరో ఒకరు రూఢి చేయాలన్న కోరిక ఆ ప్రశ్న వెనక ఉంటుంది. అందుకే దాన్ని తేలిగ్గా తీసుకోను. ఈ వెతుకులాటలో నాకు తెలిసివచ్చినవి, కొన్ని బాగా ఆలస్యంగా తెలిసివచ్చినవి, రాసి పెడుతున్నాను. రేపు మీ మేనమామో మీ అమ్మో ఇదే ప్రశ్న మిమ్మల్ని అడిగితే పనికొస్తాయి.

1. పేరు అన్నిటికన్నా చివర అడగాలి.

పేరు రాకే కదా వాళ్లు ఫోన్ చేసింది. ఒకవేళ వచ్చినా అది ఆట అసలు పేరు కాకపోవచ్చు. డాస్ రోజుల్లో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాల చోటే ఉండేది. నల్లటి తెర మీద ఆ పొట్టి పేరు కొట్టి ఎంటర్ నొక్కితే ఆట వచ్చేది. అందుకే డేంజరస్ డేవ్ మా పిల్లలందరికీ వట్టి డేవ్. ఫ్లాపీ ఇచ్చినవాడు ఫైలు పేరు మార్చి ఇచ్చి ఉంటే ఆ మారుపేరే స్థిరపడిపోయేది.

నేను మొదట అడిగేది ఒకటే: "ఎట్లా చచ్చిపోయేవాడివి?" గెలిచిన తీరు మరుపున పడుతుంది గాని ఓడిపోయిన తీరు పడదు. ఒకాయన హెలికాప్టర్లను పేల్చే ఆట అన్నాడు. అలాంటివి బోలెడున్నాయి. ఎట్లా ఓడిపోయేవాడివని అడగ్గానే ఆయన గొంతు మారింది. "కింద నలుగురు దిగితే ఒకరి మీద ఒకరు ఎక్కి మన ఫిరంగిని పేల్చేస్తారు సార్!" ఇంక అనుమానం లేదు. అది 1982 నాటి పారాట్రూపర్. గొడుగుల్లాంటి పారాచూట్లతో దిగే సైనికులు ఒకే పక్క నలుగురు చేరితే ఆట ముగిసినట్టే.

మరొకామెకు గుర్తున్నది దండెం మీద ఆరేసిన బట్టలు, వాటి మీదికి ఎగిరే నల్లపిల్లి. కిటికీలోంచి గదిలోకి దూరితే ఏమయ్యేదమ్మా అన్నాను. కాసేపు ఆలోచించి, "చీపురు! చీపురు వెంటపడుతుంది" అంది. బిల్ విలియమ్స్ రాసిన ఆలీ క్యాట్ అది. దండెం వల్ల సగం తెలిసింది, చీపురు వల్ల మిగతా సగం.

2. రంగును నమ్మే ముందు మానిటర్‌ను అడగాలి.

ఆ పిల్లి ఆట మీదే ఒక అక్కా తమ్ముడూ ఏళ్లుగా వాదులాడుకున్నారు. తెర అంతా పచ్చగా ఉండేదని ఆమె, గులాబీ రంగుగా ఉండేదని అతను. ఇద్దరూ చెప్పింది నిజమే. ఆమె వచ్చిన రోజుల్లో మా మిషన్లకు ఒకే రంగు ఉండేది: కొన్నిట్లో పచ్చ, కొన్నిట్లో కాషాయపు పసుపు. హెర్క్యులిస్ కార్డున్న ఆ మిషన్ల మీద ఆట ఆడాలంటే ముందు సిమ్‌సీజీఏ అనే చిన్న ప్రోగ్రాం నడపాలి. తమ్ముడు వచ్చేనాటికి సీజీఏ తెరలు వచ్చాయి. వాటిలో బొమ్మలకు ఒకేసారి నాలుగు రంగులే: ఎక్కువగా నలుపు, తెలుపు, ఆకాశనీలం, ముదురు గులాబీ.

వేగం సంగతీ అంతే. తొలినాళ్ల ఐబీఎం పీసీ 4.77 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచేది. ఆనాటి ఆటలు చాలావరకు ఆ వేగాన్ని నమ్ముకుని రాసినవే. 386, 486 మిషన్ల మీద వేస్తే పిచ్చిగా పరుగెత్తేవి. డబ్బా ముందున్న టర్బో బటన్ నొక్కి మిషన్‌ను నెమ్మది చేయవచ్చని కొందరికే తెలుసు. "కన్నుమూసి తెరిచేలోగా అయిపోయేది సార్, అంత కష్టమైన ఆట" అని ఎవరైనా అంటే, ఏ మిషన్ మీద ఆడావని అడుగుతాను.

3. సగం ఆడిన ఆట సగమే గుర్తుంటుంది.

మా జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే మామూలు ఏడాది కింద లెక్క. చెనక్కాయ పంట చేతికి రాని ఏడు కోర్సు ఫీజు కట్టడమే గగనం, ఇంక ఆటకు వేరే డబ్బు ఎక్కడిది? ఒక మిషన్ ముందు ఒకడు కూర్చుంటే వెనక అయిదారుగురు నిలబడేవాళ్లు. ఇవాళ నాకు ఫోన్ చేసేవాళ్లలో ఎక్కువమంది ఆ నిలబడినవాళ్లే. ఏ కీ నొక్కితే ఏమయ్యేదని వాళ్లను అడిగి లాభం లేదు. కూర్చున్నవాడు ఎప్పుడు అరిచేవాడు, వెనకున్నవాళ్లు ఎప్పుడు "ఎగురు, ఎగురు" అనేవాళ్లు, ఇవి అడగాలి. వాళ్ల జ్ఞాపకం అక్కడుంటుంది.

ఎండాకాలంలో కరెంటు ఎప్పుడు పోయేదో ఎవరికీ తెలియదు. యూపీఎస్ ఉన్నది ఒకటి రెండు మిషన్లకే. ఆట మధ్యలో తెర నల్లబడితే మళ్లీ మొదటినుంచే. అందువల్ల మా ఊరి పిల్లలకు మొదటి రెండు మూడు గదులు ఇటుక ఇటుకా గుర్తుంటాయి, చివర ఏమవుతుందో మాత్రం తెలియదు. ఆ ప్రశ్న అడిగితే నొచ్చుకుంటారని గ్రహించాక దాన్ని మానేశాను.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా గురించి చెప్పేవాళ్లయితే ఒక సీసాల గది దగ్గర ఆగిపోతారు. మొదటి లెవెల్ దాటగానే వస్తుంది. వరసగా సీసాలు, ఒక్కోదాని దగ్గర ఒక్కో ఇంగ్లిషు అక్షరం. తప్పు సీసా తాగితే అంతే సంగతులు. అదీ ఆటలో ఒక పరీక్షే అనుకున్నారు పాపం. నిజానికి ఆ ఆటను పెట్టెతో సహా కొన్నవాళ్లకు ఒక పుస్తకం వచ్చేది. ఫలానా పేజీలో ఫలానా వరసలో ఫలానా మాట చూసి, దాని మొదటి అక్షరం ఉన్న సీసా తాగాలి. దొంగ కాపీలను అడ్డుకోవడానికి పెట్టిన తాళం అది. ఫ్లాపీ నుంచి ఫ్లాపీకి పాకుతూ అనంతపురం చేరిన ఆటకు పుస్తకం ఎక్కడినుంచి వస్తుంది? పిల్లలు అక్షరాలు ఊహించి, నోటుబుక్కుల వెనక అట్టల మీద రాసుకుని, ఒకరికొకరు అప్పగించుకునేవాళ్లు. ప్రిన్స్ అని కొట్టి పక్కన మెగాహిట్ అని చేరిస్తే లెవెళ్లు దాటేయవచ్చని ఎవరో కనిపెట్టుకొచ్చినరోజు సెంటర్లో పండగే. ఆ ఆట తయారైంది 1989లో అమెరికాలో. రాకుమారుడి నడక కోసం జోర్డన్ మెక్నర్ తన తమ్ముణ్ని పరుగెత్తించి వీడియో తీసి, దాన్ని చూసి ఒక్కొక్క బొమ్మా గీశాడు. మా పిల్లలకు ఇవేవీ తెలియవు. కానీ ఆ కుర్రాడు అంచు పట్టుకుని వేలాడుతుంటే వెనక నిలబడినవాళ్లంతా ఊపిరి బిగబట్టడం నేను చూశాను.

4. ఊరు పెట్టిన పేరును దిద్దకూడదు.

రూపాయి బిళ్ల వేసి ఆడే పెట్టె ఆటల గురించి కూడా నన్నే అడుగుతారు. వాటిలో ముస్తఫాది పెద్దపీట. క్యాప్‌కామ్ కంపెనీ 1993లో తెచ్చిన ఈ ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. మార్క్ షుల్ట్జ్ గీసిన కామిక్స్ దానికి మూలం. అందులో ఆడటానికి నలుగురు మనుషులుంటారు. వాళ్లలో పసుపు టోపీవాడి పేరు ముస్తఫా. దేశమంతా పిల్లలు వాడినే ఎంచుకున్నారు, ఆటకు వాడి పేరే పెట్టారు. 1996లో ప్రేమదేశం సినిమాలో ముస్తఫా పాట ఊరూరా మోగడంతో ఆ పేరు మరింత గట్టిపడింది. మొదట్లో నేను "అది తప్పు, అసలు పేరు ఇదీ" అని సరిదిద్దేవాణ్ని. అవతలి గొంతులో ఉత్సాహం చల్లారిపోయేది. ఇప్పుడు ముస్తఫా అనే మాట్లాడి, అసలు పేరు చివర్లో చెబుతాను.

5. జవాబును నోటికి అందించకూడదు.

ఇది నేను చేసిన తప్పు నుంచి నేర్చుకున్నది. ఒకామె నేల తవ్వుకుంటూ పోయే ఆట గురించి అడిగింది. మా సెంటర్లో డిగ్గర్ ఉండేది. ఆమె మాట పూర్తికాకుండానే, "డిగ్గర్ అమ్మా! బంగారు మూటలు పడతాయి కదా, పచ్చలు ఏరుకోవాలి కదా" అన్నాను. "అవును సార్, అదే, అదే" అంది. ఇద్దరం సంతోషించాం. కొన్ని నెలలకు మళ్లీ ఫోన్ చేసి, డిగ్గర్ ఆడి చూశాననీ, ఎందుకో తన ఆట కాదనిపిస్తోందనీ చెప్పింది. అప్పుడు వినడం మొదలుపెట్టాను. ఆ ఆట ఆడింది మా సెంటర్లో కానే కాదు, ధర్మవరంలో పెద్దమ్మగారింట్లో టీవీకి తగిలించిన వీడియో గేమ్ మీద. శత్రువుకు గాలి కొట్టి ఉబ్బించి పేల్చాలి. అది నామ్‌కో వాళ్ల డిగ్ డగ్, 1982 నాటిది. గాలి కొట్టడం గురించి ఆమె మొదటి ఫోన్‌లోనే ఏదో చెప్పబోయింది. నేనే చెప్పనివ్వలేదు.

నేను బంగారు మూటలన్నాక ఆమె జ్ఞాపకంలోకి అవి కూడా వచ్చి చేరాయి. ఇప్పటికీ రెండు ఆటలూ కలిసిపోయి కనబడుతున్నాయట. ఇంకొకరి జ్ఞాపకాన్ని పాడు చేశానన్న బాధ నాకు పోలేదు. కేంబ్రిడ్జిలో బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1932లో రాసిన పుస్తకంలో ఈ సంగతే ఉంది. అమెరికా ఆదివాసుల కథ ఒకటి చదివించి, కొన్నాళ్లకు తిరిగి చెప్పమంటే, ఇంగ్లండువాళ్లు తమకు కొత్తగా ఉన్నవాటిని తీసేసి తెలిసినవి పెట్టుకున్నారు. మన దగ్గరా అంతే. ప్రిన్స్ తెల్ల లాల్చీ పైజామా వేసుకున్నాడని కదిరివాళ్లొకరు చెప్పారు. తుపాకి పట్టుకున్న రాకుమారుడి ఆట కావాలని మరొకరు అడిగారు. సగం డేవ్, సగం ప్రిన్స్. పక్కపక్క మిషన్ల మీద ఆ రెండూ ఆడుతుండగా చూసిన పిల్లవాడతను.

కాబట్టి "ఇదేనా?" అని అడగొద్దు. "ఇంకేముండేది?" అని అడగండి. ఎక్కడ కూర్చున్నావు, ఎవరి ఇల్లు, టీవీయా మానిటరా, చేతిలో ఉన్నది కీబోర్డా రిమోటా, ఇవన్నీ అయ్యేదాకా మీకు తోచిన పేరు మీలోనే ఉంచుకోండి.

6. తెర మీద కదిలిందల్లా ఆట కాదు.

బంతి ఒకటి తెర అంచులకు కొట్టుకుంటూ తనంతట తానే తిరిగే ఆట గురించి ఒకాయన చాలాకాలం వెతికాడు. ఏ కీ నొక్కినా మాట వినేది కాదట. అది పింగ్‌పాంగ్ వైరస్, 1988లో బయటపడ్డది. అక్షరాలు జారి కిందికి కుప్పగా పడే ఆట అంటే కాస్కేడ్ వైరస్. జనవరి 5న మిషన్ ఆగిపోయి, హ్యాపీ బర్త్‌డే జోషీ అని కొడితేనే కదిలేది జోషీ వైరస్. అది మన దేశంలోనే 1990లో కనబడింది. ఫ్లాపీలు చేతులు మారుతున్నప్పుడు ఆటల వెంటే ఇవీ వచ్చేవి. వెతికిన ఆట వైరస్ అని తెలిశాక ఆయన నిరాశపడతాడేమో అనుకున్నాను. "అయితే నేను చూసింది నిజమే కదా సార్" అన్నాడు.

7. సంవత్సరం గుర్తుండదు, కరువు గుర్తుంటుంది.

ఏ ఏడు ఆడావంటే ఎవరూ చెప్పలేరు. బోరు ఎండిన ఏడా, నాన్న బెంగళూరుకు పనికి పోయిన ఏడా అని అడిగితే చటుక్కున చెబుతారు. 2002 కరువు తర్వాత అని తెలిస్తే డాస్ ఆటలను పక్కన పెట్టేయవచ్చు; ప్రాజెక్ట్ ఐజీఐ, రోడ్ రాష్, వైస్ సిటీల వైపు చూడాలి.

8. పేరు దొరికాక, చేసినవాళ్ల గురించి కూడా చెప్పాలి.

పారాట్రూపర్ రాసిన గ్రెగ్ కూపర్‌బర్గ్ తర్వాత కాలిఫోర్నియాలో గణితం ప్రొఫెసర్ అయ్యాడు. డేవ్ రాసిన జాన్ రొమేరో తర్వాత డూమ్ చేసినవాళ్లలో ఒకడు. ఆకాశంలో రోడ్ల మీద ఓడ దూకుతూ పోయే స్కైరోడ్స్ 1993లో ఎస్తోనియా అనే చిన్న దేశంలో బ్లూమూన్ అనే కుర్రాళ్ల జట్టు చేసింది. స్కైప్‌ను తయారుచేసినవాళ్లలో ఆ కుర్రాళ్లున్నారు. మా సెంటర్లో స్కైరోడ్స్ ఆడినవాడొకడు అమెరికా నుంచి అమ్మతో రోజూ స్కైప్‌లో మాట్లాడేవాడు. ఈ సంగతి చెబితే చాలాసేపు నమ్మలేదు. ఇలాంటివి చెప్పడానికి అయిదు నిమిషాలు పడుతుంది, ఆ అయిదు నిమిషాలూ మిగుల్చుకోవద్దు.

9. అన్నీ ఎవరో దాచి ఉంచుతారనుకోకూడదు.

ఇంటర్నెట్ ఆర్కైవ్ 2015 జనవరిలో దాదాపు 2,400 డాస్ ఆటలను బ్రౌజర్‌లోనే ఆడుకునేలా పెట్టింది. డాస్‌బాక్స్ ఉంటే పాత ఆట కొత్త మిషన్ మీద కూడా నడుస్తుంది, వేగం తగ్గించుకోవచ్చు. నేను పేర్లు తేల్చేది వీటి సాయంతోనే. అయినా అమెరికాలో 2010కి ముందు వచ్చిన పాత ఆటల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా అంతటి ఆటకు మెక్నర్ రాసిన అసలు ప్రోగ్రాం పోయిందనే అనుకున్నారు. 2012లో వాళ్ల నాన్నకు ఇంట్లో ఒక పెట్టెలో ఆ ఫ్లాపీలు దొరికాయి. అమెరికాలో చేసిన ఆటల గతే అలా ఉంటే అనంతపురంలో చేసిన ఆట సంగతేమిటి?

అవును, ఇక్కడ చేసిన ఆట కూడా ఉంది. 1991 నాటి డాస్ 5తో క్యూబేసిక్ వచ్చింది. దాని వెంట గొరిల్లాలు మేడల మీద నిలబడి అరటిపళ్లు విసురుకునే ఆట ఉండేది. కోణం ఎంత, వేగం ఎంత అని అంకెలు కొట్టాలి. ప్రోగ్రాం అంతా తెరిచి చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు. పాఠంలో భాగంగా నేనే దాన్ని పిల్లల ముందు పెట్టాను. గురుత్వాకర్షణ అంకె మార్చి అరటిపండును మబ్బుల్లోకి పంపినవాళ్లున్నారు. కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక పిల్లవాడు మాత్రం అది చూసి సొంతంగా ఒక ఆట రాశాడు. పైన మబ్బులు పోతుంటాయి. ఏ మబ్బు కురుస్తుందో తెలియదు. కింద బిందెను అటూ ఇటూ జరిపి చుక్కలు పట్టాలి. చాలా మబ్బులు ఊరికే దాటిపోతాయి. బిందె నిండితే తెర అడుగున పచ్చగా ఒక వరస మొలుస్తుంది. కొన్ని వారాలపాటు మా సెంటర్లో డేవ్‌ను కూడా పక్కన పెట్టి దాన్నే ఆడారు.

బిందె ఆట గురించి ఒకరికి మించి నన్ను అడిగారు. ఒకరైతే అది జపాన్ ఆటేమో అన్నారు. పేరు నాకు తెలుసు, రాసినవాడూ తెలుసు, ఆట మాత్రం నా దగ్గర లేదు. సెంటర్ ఇల్లు మారినప్పుడు ఫ్లాపీల పెట్టెలన్నీ పాత సామాన్లవాడికి ఇచ్చేశాను. అవన్నీ పాడైపోయి ఉంటాయనుకున్నాను, ఒక్కటైనా పెట్టి చూడలేదు. పిల్లలు క్లాసులో ఆడకుండా శనివారాల్లో హార్డ్ డిస్కుల్లోని ఆటలన్నీ తుడిచేసేవాణ్ని, అందువల్ల మిషన్లలోనూ మిగల్లేదు. ఆ పిల్లవాడి దగ్గర కూడా కాపీ లేదు. వాళ్లింట్లో కంప్యూటరే లేదు, ఇక దాచుకోవడానికి ఏముంటుంది? ఊళ్లో ఎవరెవరో కాపీ చేసుకుని వెళ్లారు. వాళ్లలో ఒకరి ఇంట్లో, అటక మీదో ట్రంకు పెట్టెలోనో, ఆ ఫ్లాపీ ఉండి ఉండవచ్చు.

మీ ఇంట్లో పాత ఫ్లాపీలు కనబడితే పారేయకండి. ముందు లేబుల్‌కు ఫొటో తీయండి. అయిదుంపావు అంగుళాలదైతే పక్కనున్న గాడిని టేపుతో మూసేయండి. మూడున్నర అంగుళాలదైతే మూలనున్న చిన్న గడిని జరిపి రంధ్రం తెరిచి ఉంచండి. అప్పుడు డ్రైవు దాని మీద ఏమీ రాయలేదు. మూడున్నర అంగుళాలవి చదవడానికి యూఎస్‌బీ డ్రైవులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. అయిదుంపావువాటికి పాత డ్రైవు ఉండాలి, దాన్ని కొత్త కంప్యూటర్‌కు కలిపే గ్రీజ్‌వీజిల్ లాంటి బోర్డు ఉండాలి. నా దగ్గర పాత డ్రైవు ఒకటి పనిచేస్తోంది. బూజు కనబడితే మీరు తుడవకండి, అలాగే కాగితంలో చుట్టి తీసుకురండి. లేబుల్ మీద ఏమీ రాసి లేకపోయినా సరే, చదివి చూద్దాం.